వడ్లు ఎండుతున్నాయి, మొగులు పట్టింది

ఏప్రిల్ నెల. యాసంగి వరికోతలు జోరుగా సాగుతున్నాయి. పాలకుర్తి చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఒకటే తీరు. కొనుగోలు కేంద్రం ముందు వడ్లు ఆరబోసి ఉంటాయి. జాగా చాలక రోడ్డు పక్కన కూడా పోస్తారు. ఆడవాళ్లు కాళ్లతో వడ్లను తిరగేస్తుంటారు. చాలా కేంద్రాలను నడిపేది మహిళా సంఘాలే. తేమ చూసేది వాళ్లే. లెక్కలు రాసేది వాళ్లే.

తేమ 17 శాతం దాటితే వడ్లు కొనరు. అందుకే ఎండ కావాలి. ఎండ ఉన్న నెలలోనే గాలి దుమారం వస్తుంది. ఉరుములు, పిడుగులు, రాళ్ల వాన కూడా అప్పుడే. చిక్కంతా అక్కడే ఉంది.

అలాంటి ఒక కేంద్రం దగ్గర మధ్యాహ్నం రెండున్నర అయింది. ఉక్కపోత. చెట్టు ఆకు కదలడం లేదు. ఒకామె ఫోన్ టింగుమంది.

"అక్కా, ఏందో వచ్చింది. జర చదువు."

సంఘం లెక్కలు రాసే అక్క ఫోన్ తీసుకుంది. ఒక్కో మాట కూడబలుక్కుని చదివింది.

"జనగామ జిల్లాలో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన వాన పడే అవకాశం ఉంది. గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురు గాలులు వీస్తాయి."

కుప్ప మీద కూచున్న అవ్వ నవ్వింది.

"మొన్న గూడ గిట్లనే అన్నరు. సుక్క పడలె. ఉత్తగనే పరదా కప్పితిమి. వడ్లు ఎండకనే పాయె."

"మనూళ్లె పడలె అవ్వా. పక్కూళ్లె పడ్డది గదా!"

"పక్కూళ్లె పడితె నాకేం జెయ్యాలె బిడ్డా? నా కుప్ప ఈడున్నది."

అవ్వ మాటలో తప్పు లేదు. మెసేజి కూడా అబద్ధం చెప్పలేదు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

ఎసరులో బుడగ

పొయ్యి మీద ఎసరు పెట్టారు. కింద మంట బాగా ఉంది. కాసేపట్లో నీళ్లు మరుగుతాయని ఎవరైనా చెబుతారు. కానీ మొదటి బుడగ గిన్నెలో ఏ మూల లేస్తుంది? అది ఎవరూ వేలు పెట్టి చూపలేరు. లేచినాక చూపగలరు.

ఎండాకాలపు ఉరుముల వాన కూడా అట్లాంటిదే. పొద్దంతా ఎండకు నేల కాగుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బంగాళాఖాతం దిక్కు నుంచి తేమగాలి వచ్చి ఉంటే ఆ తేమ కూడా దానితో పైకి పోతుంది. పైన చలి. అక్కడ తేమ నీటి బిందువులుగా మారి మబ్బు కడుతుంది. అట్లా మారేటప్పుడు మళ్లీ వేడి పుడుతుంది. ఆ వేడికి మబ్బు ఇంకా పైకి పోతుంది. 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తు దాకా పోతుంది. దూరం నుంచి చూస్తే పెద్ద పువ్వు గోబీ లాగా కనపడుతుంది.

ఆ ఎత్తులో నీళ్లు మంచు గడ్డలవుతాయి. మంచు పలుకులు ఒకదానికొకటి రాసుకుంటాయి. దాంతో మబ్బులో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు కిందికి దూకితే పిడుగు. మంచు గడ్డలు పైకి కిందికి తిరిగి, లావై, కరగక ముందే నేల మీద పడితే రాళ్ల వాన.

ఇట్లాంటి మబ్బు చాలాసార్లు కొన్ని కిలోమీటర్ల మేరకే ఉంటుంది. గంటా రెండు గంటల్లో పుడుతుంది, కురుస్తుంది, చస్తుంది. అందుకే ఒక ఊళ్లో చెరువు కట్ట తడుస్తుంది, పక్క ఊళ్లో దుమ్ము కూడా అణగదు.

తుపాను అట్లా కాదు. అది వందల కిలోమీటర్ల మేర ఉంటుంది. సముద్రం మీద రోజుల తరబడి తిరుగుతుంది. ఉపగ్రహం దాన్ని ముందే చూస్తుంది. వానాకాలపు పెద్ద వానలు కూడా చాలాసార్లు అల్పపీడనం వల్ల వస్తాయి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ములుగు కూడా పాత వరంగల్ జిల్లాలోదే. అప్పుడు బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంది. రాష్ట్రానికి ఎర్ర హెచ్చరిక కూడా వచ్చింది. అంత పెద్ద దాన్ని ముందే కనిపెట్టవచ్చు. చిన్న మబ్బును కనిపెట్టడమే కష్టం.

ఎవరు చెబుతారు, ఎట్లా చెబుతారు

మన దేశంలో వాతావరణ శాఖను 1875లో పెట్టారు. తెలంగాణకు కబురు హైదరాబాద్ బేగంపేటలో ఉన్న వాతావరణ కేంద్రం నుంచి వస్తుంది.

రేపటి సంగతి, ఎల్లుండి సంగతి కంప్యూటర్ లెక్క కట్టి చెబుతుంది. దేశం పటాన్ని చిన్న చిన్న గడులుగా విడదీస్తారు. ఒక్కో గడికి ఎండ, గాలి, తేమ ఎంతో లెక్క కడతారు. ఇంతకు ముందు గడి 12 కిలోమీటర్లు ఉండేది. 2025 మే నెలలో 6 కిలోమీటర్ల గడి లెక్క మొదలయింది. జల్లెడ కన్ను సన్నబడింది అన్నమాట. అయినా నూకలు జారినట్టు చిన్న మబ్బులు ఇంకా జారిపోతూనే ఉంటాయి.

అందుకే ముందు రోజు హెచ్చరిక ఊరి పేరుతో రాదు. జిల్లా పేరుతో వస్తుంది. దానికి ఒక రంగు ఉంటుంది. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండాలి. నారింజ రంగు అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే ఇక ఆలోచన లేదు, జాగ్రత్త పనులు చేసెయ్యాలి.

రంగు పక్కన ఇంకో మాట ఉంటుంది. ఆ మాటే అవ్వను మోసం చేసింది. "ఒకటి రెండు చోట్ల" అంటే వాతావరణ శాఖ లెక్కలో ఒక కొలత. వంద చోట్ల వాన కొలిస్తే 25 చోట్లకు మించి పడదని అర్థం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50. "అనేక చోట్ల" అంటే 51 నుంచి 75. ఆ పైన "దాదాపు అన్ని చోట్ల". కాబట్టి ఒకటి రెండు చోట్ల అన్నప్పుడు నాలుగు ఊళ్లలో మూడు ఊళ్లు పొడిగా ఉండటమే మామూలు. మిగిలిన ఆ ఒక్క ఊరు మనదే కావచ్చు.

మబ్బు పుట్టినాక సంగతి వేరు. అప్పుడు రాడార్ చూస్తుంది. బావిలోకి కేక వేస్తే కేక తిరిగొస్తుంది కదా. రాడార్ కూడా కంటికి కనపడని తరంగాన్ని పంపుతుంది. అది వాన చినుకులకు, రాళ్లకు తగిలి తిరిగొస్తుంది. ఎంత సేపటికి వచ్చిందో చూసి మబ్బు ఎంత దూరంలో ఉందో చెబుతారు. ఎంత గట్టిగా వచ్చిందో చూసి వాన బలం చెబుతారు. రైలు కూత దగ్గరికి వచ్చేటప్పుడు ఒక తీరు, దాటిపోయినాక ఇంకో తీరు వినపడుతుంది. ఆ తేడా లాంటి తేడానే పట్టి గాలి ఎటు పోతోందో కూడా రాడార్ తెలుసుకుంటుంది. హైదరాబాద్ రాడార్ రెండు వందల కిలోమీటర్లకు పైగా చూస్తుంది. పాలకుర్తి ఆ చూపు లోపలే ఉంది.

ఈ రాడార్‌ను, ఉపగ్రహాల బొమ్మలను చూసి రాబోయే మూడు గంటలకు కబురు చెబుతారు. మన వాతావరణ ఉపగ్రహాల్లో ఒకటి ఇన్‌శాట్-3డిఎస్. దాన్ని 2024 ఫిబ్రవరిలో పంపారు. మూడు గంటల కబురు మామూలు బటన్ ఫోన్‌కు కూడా మెసేజిగా రావచ్చు. పిడుగుల కోసం 'దామిని' అనే యాప్ ఉంది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ దాన్ని తయారు చేసింది. మనిషి ఉన్న చోటికి 20 కిలోమీటర్లు, 40 కిలోమీటర్ల లోపల మెరుపులు ఉంటే అది చెబుతుంది. రైతులకు 'మేఘదూత్' అని ఇంకో యాప్ ఉంది. అందులో మంగళవారం, శుక్రవారం పంటల సలహా తెలుగులో వస్తుంది.

ఇక్కడ పాలకుర్తి వాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. పాలకుర్తి పాత వరంగల్ జిల్లాలోది. 2016 నుంచి జనగామ జిల్లాలో ఉంది. దేవరుప్పుల, కొడకండ్ల కూడా జనగామ జిల్లావే. కానీ రాయపర్తి వరంగల్ జిల్లాలోకి పోయింది. తొర్రూరు, పెద్దవంగర మహబూబాబాద్ జిల్లాలోకి పోయాయి. మనుషులు గీసిన గీత మబ్బుకు తెలియదు. మెసేజిలో జనగామ పేరు లేదని ఊరుకోకూడదు. వరంగల్, మహబూబాబాద్ పేర్లు ఉన్నాయేమో చూడాలి.

అవ్వకు తెలిసిన గుర్తులు

పరదా కప్పే ముందు అవ్వ ఫోన్ చూడదు. మొగులు చూస్తుంది. అందులో పనికొచ్చేవి చాలా ఉన్నాయి.

రెండు మూడు రోజులు విపరీతంగా ఉక్కపోస్తే వాన వస్తుందంటారు. గాలిలో తేమ చేరిందని ఆ ఉక్కపోతే చెబుతుంది. మబ్బు గోపురం లాగా పైకి పెరుగుతూ అడుగు నల్లబడితే అది ఉరుముల మబ్బే. ఉక్కపోత మధ్యలో ఒక్కసారిగా చల్లగాలి కొడితే ఇక వాన దగ్గర్లోనే ఉంది. వాన పడుతున్న మబ్బు కింద చల్లబడిన గాలి నేలకు తగిలి నాలుగు దిక్కులా పరుచుకుంటుంది. ఆ గాలే ముందుగా మనకు తగులుతుంది. చాలాసార్లు దాని వెనక నిమిషాల్లోనే చినుకులు వస్తాయి. అప్పుడు పరదా వెతికితే ఆలస్యమే.

చంద్రుని చుట్టూ వరదగుడి కడితే వాన అంటారు. అది ఎత్తున ఉన్న పలుచటి మంచు మబ్బు వల్ల కడుతుంది. ఎండాకాలం సాయంత్రం వచ్చే గాలివానకు దాన్ని నమ్ముకోవడం కుదరదు. కార్తెలు కూడా అంతే. రోహిణిలో ఎండలు మండుతాయని, మృగశిరతో చల్లబడుతుందని కార్తె చెబుతుంది. అది కాలం నడక. ఇవాళ మూడు గంటలకు ఏమవుతుందో కార్తె చెప్పదు.

పరదా కప్పితే పోయేదేముంది?

పోయేది ఉంది. ఈ సంగతి హెచ్చరికలు రాసేవాళ్లకు అంతగా తెలియదు. పొద్దంతా పరదా కప్పి ఉంచితే వడ్లు ఎండవు. లోపల ఆవిరి పట్టి వేడెక్కుతాయి. తేమ 17కు రాదు. కాంటా వెనకబడుతుంది. రోజులు గడిచేకొద్దీ ఇంకో వాన మీద పడే ప్రమాదం పెరుగుతుంది. కప్పకుండా తడిస్తే ఇంకా నష్టం. గింజ రంగు మారుతుంది, మొలకెత్తుతుంది.

2023 ఏప్రిల్ చివర ఇదే జరిగింది. తెలంగాణలో చాలా కేంద్రాల దగ్గర వడ్లు తడిసి ముద్దయ్యాయి. దానికి నెల ముందే రాళ్ల వాన పడింది. మక్క, మిర్చి, మామిడి దెబ్బతిన్నాయి. ఆ ఏడాది మార్చి 23న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు పెద్దవంగర మండలం రెడ్డికుంట తండాకు వచ్చి పంటలు చూశారు. ఎకరాకు 10,000 రూపాయల సాయం ప్రకటించారు.

వడ్ల కుప్ప విలువ పాలకుర్తికి కొత్తగా చెప్పనక్కర లేదు. చాకలి ఐలమ్మ పంట దొర పాలు కాకుండా సంఘం నిలబడి కాపాడిన ఊరు ఇది. మొగులు మీద దావా వేయలేము. దాని రాకను చదవగలం.

కాబట్టి ఏ కబురుకు ఆ పని చెయ్యాలి. పొద్దున జిల్లాకు పసుపో, నారింజో వచ్చిందంటే వెంటనే కప్పాల్సిన పని లేదు. ఆ రోజు వడ్లను పరదాలకు దగ్గరగానే ఆరబోయాలి. పరదా చిరిగిందేమో చూసుకోవాలి. అంచుల మీద పెట్టడానికి రాళ్లో, ఇసుక సంచులో దగ్గర పెట్టుకోవాలి. గంటకు 40, 50 కిలోమీటర్ల గాలికి బరువు లేని పరదా ఎగిరిపోతుంది. కుప్ప చుట్టూ నీళ్లు పోయేందుకు చిన్న కాలువ తీసుకోవాలి. పైన కప్పినా కింది నుంచి నీళ్లొస్తే అడుగు వడ్లు నానుతాయి.

ఈ వానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక, సాయంత్రం పూట వస్తాయి. పొద్దటి ఎండ అంతా వాడుకోవచ్చు. మధ్యాహ్నం రెండు దాటాక పలుచగా పరిచిన వడ్లను కుప్పకు దగ్గరగా లాగుతూ ఉండాలి. మూడు గంటల కబురు వచ్చినా, ఏ దిక్కునైనా మబ్బు గోపురం కట్టినా అప్పుడు కప్పెయ్యాలి. వాన రాకపోతే మళ్లీ తీయవచ్చు. ఒక పూట ఎండ పోతుంది. అంతవరకే.

ఉరుము వినపడితే

ఇంత తొందర ఎందుకంటే కుప్పకున్న టైము వేరు, మనిషికున్న టైము వేరు. చాలామంది ఉరుములు మొదలయ్యాక పరదాలు పట్టుకుని పరుగెత్తుతారు. బయలు జాగాలో అందరికంటే ఎత్తుగా నిలబడతారు. పిడుగుకు అంతకంటే ఏం కావాలి? మన దేశంలో ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 2,500 మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. పొలం పనిలో ఉన్నవాళ్లు, గొర్రెలు, మేకలు కాసేవాళ్లు వాళ్లలో చాలామంది.

మెరుపు వెంటనే కనపడుతుంది. ఉరుము నడిచి వస్తుంది. కిలోమీటరు రావడానికి దానికి మూడు సెకండ్లు పడుతుంది. మెరుపు మెరవగానే నిదానంగా ఒకటి, రెండు, మూడు అని లెక్క పెట్టాలి. లెక్క 30 దాటక ముందే ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉంది. తర్వాతిది ఇక్కడే పడవచ్చు. అప్పుడు కుప్ప సగం కప్పి ఉన్నా సరే, వదిలేసి పక్కా ఇంట్లోకో, గోదాము లోపలికో పోవాలి. లారీ క్యాబిన్‌లో అద్దాలు ఎక్కించుకుని కూచున్నా మేలే. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు.

చెట్టు కింద నిలబడవద్దు. తాడిచెట్టు అయినా, వేపచెట్టు అయినా అంతే. ఉరిమినప్పుడు అర్జునుడి పేర్లు తలుచుకోవడం పెద్దల అలవాటు. తలుచుకోవచ్చు, ఇంట్లో కూచుని. ఇంట్లో ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టిన ఫోన్ ముట్టుకోవద్దు. ఇనుప కిటికీలకు, నల్లా పైపులకు దూరంగా ఉండాలి. బయట ఏ దారీ దొరకకపోతే పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోవాలి. పడుకోకూడదు.

పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని కొందరు భయపడతారు. అది నిజం కాదు. ఆ మనిషిలో కరెంటు మిగలదు. వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. ఊపిరి ఆగితే తెలిసినవాళ్లు రొమ్ము మధ్యలో గట్టిగా, ఆపకుండా నొక్కుతూ ఉండాలి. వెంటనే చూసుకుంటే బతికేవాళ్లు చాలామంది ఉంటారు.

ఆ రోజు కేంద్రం దగ్గర

అక్క మెసేజి మళ్లీ చదివింది. ఈసారి మొదటి మాట మీద వేలు పెట్టింది.

"అవ్వా, మొన్నటిది పొద్దుగాల వచ్చింది. రోజు మొత్తానికి. ఇది 'రాబోయే మూడు గంటల్లో' అని ఉన్నది. టైము గూడ రాసిండ్రు, రెండు గంటల పదిహేను నిమిషాలు."

అవ్వ పడమర చూసింది. మబ్బు గోపురం కట్టి ఉంది. అడుగు నల్లగా ఉంది.

"అయితె లేవుండ్రి. పరదాలు తేండ్రి. ఆ రాళ్లు ఇటు జరుపుండ్రి."

అరగంటలో కుప్పలన్నీ కప్పారు. చల్లగాలి కొట్టింది. దూరంగా మెరిసింది. ఒక అమ్మాయి లెక్క పెట్టింది. ఇరవై రెండు దగ్గర ఉరిమింది. అందరూ గోదాములోకి పోయారు.

రాసి చూడండి

అడుగు, మూతి ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఒకటి తీసుకోండి. చెట్టుకు, చూరుకు దూరంగా పెట్టండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు లోపల ఎన్ని నీళ్లు నిలిచాయో స్కేలుతో కొలవండి. ఒక సెంటీమీటరు అంటే 10 మిల్లీమీటర్లు. ఒక్క మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు జాగాలో ఒక లీటరు నీళ్లు. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు పడితే దాన్ని "భారీ వాన" అంటారు.

కేంద్రం గోడ మీద నాలుగు గళ్లు గీయండి. తేదీ, ఆ రోజు వచ్చిన రంగు, "ఎన్ని చోట్ల" అన్న మాట, మన డబ్బాలో పడిన వాన. ఒక నెల రాయండి. పసుపు వచ్చిన రోజులు ఎన్ని? వాటిలో మన ఊళ్లో వాన పడ్డ రోజులు ఎన్ని?

కింది మెసేజి చదవండి. జిల్లా పేర్ల కింద గీత గీయండి. ఇది రోజు మొత్తానికా, మూడు గంటలకా? పాలకుర్తి కేంద్రంలో ఉన్నవాళ్లు ఇప్పుడు ఏం చెయ్యాలి?

"సాయంత్రం 4 గంటలు. రాబోయే మూడు గంటల్లో వరంగల్, మహబూబాబాద్ జిల్లాల్లో కొన్ని చోట్ల ఉరుములు, మెరుపులు, వడగండ్లతో కూడిన వాన పడే అవకాశం ఉంది."